తగ్గించవచ్చు

వ్యవసాయ శాఖ ప్రధాన కార్యాలయంలో మూడో అంతస్తు మెట్లెక్కగానే ఎడమచేతి గది ప్రకటనల విభాగానిది. విభాగమని బోర్డు మీద ఉంది గానీ, లోపల ఉన్నది ఒక బల్ల, ఒక కంప్యూటరు, తలుపు సరిగ్గా పడని ఇనప బీరువా, ఒక మనిషి. ఆ మనిషిని కార్యాలయమంతా కావచ్చమ్మ అంటుంది. చాటుగా కాదు, మొహం మీదే. వినీ వినీ ఆవిడ కూడా ఫోనెత్తి "ప్రకటనల విభాగం, కావచ్చమ్మను మాట్లాడుతున్నాను" అనే స్థితికి వచ్చింది.

పేరు ఊరికే రాలేదు. పంతొమ్మిదేళ్లుగా రైతులకు వెళ్లే ప్రతి ప్రకటనా ఆమె చేతి మీదుగానే వెళుతోంది. అన్నేళ్లలో ఒక్క అబద్ధం రాయలేదని ఆమెకు గొప్ప. ఆ గొప్పలో దోషమేమీ లేదు, ఎందుకంటే ఆమె ఏ వాక్యానికీ గడియ పెట్టదు. వర్షాలు పడవచ్చు. మిడతలు రావచ్చు. విత్తనాలు వచ్చే వారం అందవచ్చు. వాన పడిందా, శాఖ ముందే చెప్పింది. పడలేదా, పడుతుందని శాఖ అననే లేదు. గోడ మీద పిల్లి అయినా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక వైపు దూకక తప్పదు గానీ, ఆమె వాక్యానికి పంతొమ్మిదేళ్లలో ఆ అవసరం రాలేదు.

దీన్ని ఆమె నిజాయితీ అనుకునేది. కొంతవరకు అది నిజాయితీయే. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ ఏడాది ఓడలు ఆగిపోయాయి. ఎక్కడో రెండు దేశాలు కొట్టుకుంటే సముద్రంలో దారి మూతబడి, యూరియా తెచ్చే ఓడలు నడిమధ్యలో లంగరు వేసుకుని కూర్చున్నాయి. ఎప్పుడు కదులుతాయో ఎవరికీ తెలియదు. ఇక్కడేమో మొక్కజొన్న మోకాలెత్తు పెరిగింది. ఆ ఎత్తులో మొక్కకు యూరియా పడాలి. పడకపోతే మొక్క చావదు, బతికే ఉంటుంది, పొత్తు మాత్రం గింజ పట్టదు. యూరియా కోసం కొట్ల ముందు బారులు తీరిన జనం వేసే ప్రశ్న ఒక్కటే: ఇప్పుడేం చేయాలి?

అలా అడిగేవాళ్లలో కావచ్చమ్మ తమ్ముడు లేడు. బస్సులో రెండు గంటల దూరంలో అతనికి ఐదెకరాల మొక్కజొన్న ఉంది. పోయిన ఏడు గాలివాన కొట్టి చేను చేనంతా నేలకు పడుకుంది, గింజ ఇంటికి రాలేదు. అప్పుడు వేయకుండా మిగిలిపోయిన ఎనిమిది బస్తాల యూరియా అతని పాకలో భద్రంగా ఉంది. ఐదెకరాలకూ సరిగ్గా సరిపోతుంది. ఈ పంట చేతికొస్తే ఇల్లు నిలబడుతుంది, రాకపోతే పొలం వదిలేసి ఏదైనా కూలిపని చూసుకోవాలి. ఆ సంగతి తమ్ముడు అక్కతో రెండుసార్లు అన్నాడు. రెండోసారి నవ్వుతూ అన్నాడు గనక ఆమెకు ఇంకా భయమేసింది.

డైరెక్టరు గారికి గోడౌను గుర్తొచ్చింది. ఊరి చివర రేకుల గోడౌనులో నాలుగు వేల ప్యాకెట్ల నల్లటి పొడి మూలుగుతోంది. దాన్ని జీవన ఎరువంటారు. అందులో ఉండేది బతికున్న బాక్టీరియా. గాలి నిండా నత్రజని ఉన్నా మొక్క దాన్ని నేరుగా తినలేదు, సముద్రం మధ్యలో ఉన్నవాడికి దాహం వేసినట్టు. ఈ బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్క తినే రూపంలోకి మారుస్తుంది. యూరియా చేసే పని అదే చేస్తుందని ఆశ. తయారుచేసింది కింది అంతస్తు ప్రయోగశాలలో ఉండే సైంటిస్టు. ఆయన్ని అందరూ క్రిముల డాక్టరంటారు.

డైరెక్టరు గారు అంతకు నెల ముందే పెద్ద హోటల్లో రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చారు. 'సంక్షోభంలో ప్రజలతో మాట్లాడటం ఎలా' అన్నది విషయం. అక్కడ ఒక సంచీ, ఒక నీళ్ల సీసా, మూడు గడుల అట్ట ఇచ్చారు. మొదటి గడిలో మనకు తెలిసింది, రెండో గడిలో తెలియనిది, మూడో గడిలో తెలుసుకోవడానికి చేస్తున్నది రాయాలి. మూడూ జనానికి చెప్పాలి. అంతే శిక్షణ. అది మధ్యాహ్నం భోజనం తర్వాత చెప్పారు గనక డైరెక్టరు గారికి సీసా బాగా గుర్తుండిపోయింది. అయినా అట్టను తెచ్చి బల్ల మీద పెట్టి, క్రిముల డాక్టర్నీ కావచ్చమ్మనూ పిలిపించారు.

"ఈ పొడి పనిచేస్తుందా, చేయదా? ఒక్క ముక్కలో చెప్పండి," అన్నారు డైరెక్టరు.

"తెలియదండీ," అన్నాడు డాక్టరు.

"ఇరవై ఏళ్లుగా దీని మీదే ఉన్నారు కదా."

"అందుకే ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నానండీ."

డైరెక్టరు సీసా మూత తీసి నీళ్లు తాగారు. క్రిముల డాక్టరు మంచి మనిషి. అడిగినదానికి అడిగినంతే చెప్పడం ఆయనకు చేతకాదు, మొదలుపెడితే వేళ్ల నుంచి మొదలుపెడతాడు.

"చిక్కుడు, బఠానీ ఉన్నాయి చూడండి, వాటి వేళ్లకి బుడిపెలుంటాయి. బాక్టీరియా వాటిల్లో కాపురం పెడుతుంది. ఇల్లరికపు అల్లుడన్నమాట. తింటాడు, పనిచేస్తాడు, ఎక్కడికీ పోడు. మొక్కజొన్నకి బుడిపెలు లేవు. అక్కడితను చుట్టపుచూపుగా వచ్చినవాడు. రెండ్రోజులుంటాడో, పదిరోజులుంటాడో, వచ్చేటప్పుడు చేతిలో ఏమైనా తెస్తాడో, ఉన్నది తినేసి పోతాడో చెప్పలేం. మా మళ్లలో కొన్నిచోట్ల నాలుగో వంతు యూరియా మిగిలింది. చాలాచోట్ల ఆవగింజంత తేడా కూడా లేదు. ఒక్క మడిలో, ఒకే ఒక్క ఏడు, సగం మిగిలింది. ఎందుకు మిగిలిందో ఇప్పటికీ పట్టుబడలేదు."

"సగం," అన్నారు డైరెక్టరు, పెన్ను తీసి.

"ఒక్క మడిలో అండి. పైగా ఆ ప్యాకెట్లు నీడలో, చల్లగా ఉండాలి. రేకుల కింద పెట్టారు. వాటిల్లో బతికున్నవెన్నో, పోయినవెన్నో."

"పోయినవాటి సంగతి ప్రకటనలో వద్దు."

"ఒక్క పని చేయొచ్చండీ. పొడి వాడే ప్రతి రైతునీ, ఓ పది సాళ్లకి మాత్రం మామూలుగా పూర్తి యూరియా వేసి వదలమందాం. పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పదిరోజుల్లో ఎవరి చేను సంగతి వాళ్లకే కనపడుతుంది. పనిచేయకపోతే మిగుల్చుకున్న యూరియా అప్పుడు వేసుకోవచ్చు. మనకీ తెలుస్తుంది, వాళ్లకీ నష్టం ఉండదు."

"పది సాళ్లు వదలమంటే మనకే నమ్మకం లేదనుకుంటారు."

"లేదు కదండీ," అన్నాడు డాక్టరు.

కావచ్చమ్మ గదికి వచ్చి మూడు గడుల అట్ట నింపింది. మొదటి గడిలో రెండు లైన్లు పట్టాయి. మూడో గడిలో పది సాళ్ల సంగతి రాసింది. మధ్య గడి నిండిపోయి వెనక పేజీకి వెళ్లింది. తిరిగి తీసుకెళ్లి ఇస్తే డైరెక్టరు గారు దాన్ని బరువు చూస్తున్నట్టు పట్టుకున్నారు.

"మధ్య గడి ఇంత లావుంటే ఎలాగమ్మా? జనం భయపడతారు. ఇది తీసెయ్. ఇది తీసేస్తే మూడోది ఎందుకూ అని అడుగుతారు. అదీ తీసెయ్. మొదటిది ఉంచు. 'పొడి వాడండి, యూరియా సగం తగ్గించండి' అని రాయి."

"అలా రాస్తే నేను రాజీనామా ఇస్తాను," అన్నాడు క్రిముల డాక్టరు. ఆయన ఏడాదికి రెండుసార్లు ఆ మాట అంటాడు గానీ, ఈసారి పెన్ను కూడా తీశాడు. ఇద్దరూ కావచ్చమ్మ వైపు చూశారు. పాము చావకుండా కర్ర విరగకుండా పని జరగాలంటే ఎవరి దగ్గరికి రావాలో ఆ భవనంలో అందరికీ తెలుసు.

ఆమె ఒక్క నిమిషం ఆలోచించి రాసింది: 'మొక్కజొన్న రైతులకు గమనిక. జీవన ఎరువు వాడి యూరియాను సగం వరకు తగ్గించవచ్చు.'

లోపలికి రావచ్చా అని ఎవరైనా అడిగితే రావచ్చు అంటాం. వాన వస్తుందా అంటే కూడా రావచ్చు అనే అంటాం. మాట ఒకటే. మొదటిది తలుపు తీయడం, రెండోది చేతులెత్తేయడం. క్రిముల డాక్టరు ఆ వాక్యం చదివి, తగ్గితే తగ్గుతుంది లేకపోతే లేదు అని అర్థం చేసుకుని తల ఊపాడు. 'సగం వరకు' అన్నప్పుడు సున్నా కూడా అందులోనే ఉంటుందని ఆమె చెబితే ఇంకోసారి ఊపాడు. డైరెక్టరు గారు అదే వాక్యం చదివి, తగ్గించుకోండి ఫరవాలేదు అని అర్థం చేసుకుని సంతకం పెట్టారు. ఇద్దరూ తామే గెలిచామనుకుని వెళ్లిపోయారు. కావచ్చమ్మకు ఆ రోజు ఎంత సంతోషమైందంటే, క్యాంటీనులో రెండో కప్పు టీ కూడా తాగింది.

ప్రకటన పేపర్లలో పడింది. పోస్టరు కూడా వేశారు. పోస్టరులో డైరెక్టరు గారి ఫొటో పెద్దది, 'సగం' అన్న మాట దానికంటే పెద్దది, 'వచ్చు' కింది లైనులోకి జారి మొక్కజొన్న పొత్తు బొమ్మ వెనక సగం దాక్కుంది. దాంతోపాటు సిబ్బందికి ఒక ఆదేశం వెళ్లింది: ప్రకటనలో ఉన్న మాట తప్ప ఎవరూ నోటితో అదనంగా ఏమీ చెప్పరాదు. ఆ ఆదేశం కూడా టైపు చేసింది ఆమే. చెప్పరాదు అన్నచోట మాత్రం ఆమె ఏ వచ్చూ పెట్టలేదు.

రెండో రోజు పదకొండు గంటలకు తమ్ముడు ఫోను చేశాడు. అప్పుడు డైరెక్టరు గారు ఆమె బల్ల పక్కనే నిలబడి పోస్టరులో తన ఫొటోకు చెవులు పెద్దవిగా వచ్చాయని చూసుకుంటున్నారు.

"అక్కా, పేపర్లో చూశాను. చదవగానే నువ్వే రాశావని తెలిసిపోయింది. నిన్ననే పొడి తెచ్చాను. యూరియా సగం తగ్గించవచ్చా?"

"ప్రకటన చూశావు కదరా."

"చూశాను. అయినా నిన్నోసారి అడుగుదామని. పక్క చేను పెద్దాయన దగ్గర ఒక్క బస్తా కూడా లేదక్కా. నాలుగు బస్తాలు ఇమ్మని పొద్దుటినుంచీ గట్టు మీద కూర్చున్నాడు. మనకి సగం చాలేట్టయితే ఇచ్చేస్తాను. పాపం, ఆయన చేను కూడా చేనే కదా. ఇచ్చేయనా?"

ఇవ్వకు, ఆగు, మాకే తెలియదు, పది సాళ్లు వదిలి చూడు. ఇదంతా ఆమె గొంతు దాకా వచ్చింది. డైరెక్టరు గారు ఫొటో మీంచి తలెత్తి ఆమె వైపు చూశారు. కోపంగా కూడా కాదు, మామూలుగా చూశారు. ఆ మామూలు చూపుకే ఆమె భయపడింది. ఆ భయం గురించి తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా, దానికి సరిపడా కారణం ఆమెకు కనపడలేదు.

"ప్రకటనలో ఉన్నదేరా. తగ్గించవచ్చు."

"అంతే కదా. నువ్వు ఊరికే రాయవని నాకు తెలుసులే," అని తమ్ముడు ఫోను పెట్టేశాడు.

తను వచ్చు అనే అన్నది, ఇచ్చెయ్ అనలేదు. ఇలా ఆమె తనకు తను సర్దిచెప్పుకుంది. కానీ తమ్ముడు రెండు వచ్చుల్లో ఏ వచ్చు విన్నాడో ఆమెకు బాగా తెలుసు. సాయంత్రం ఇంటికెళ్లి ఫోను చేద్దామనుకుంది. సాయంత్రానికి చెవులు తగ్గించిన కొత్త పోస్టరు ప్రూఫులు వచ్చాయి. మర్నాడు చేద్దామనుకుంది. మర్నాటికి బస్తాలు గట్టు దాటే ఉంటాయి, ఇక చెప్పినా లాభమేముందిలే అని ఊరుకుంది. లాభం ఉందో లేదో అడిగితే తెలిసేది, ఆమె అడగలేదు.

మూడు వారాలు గడిచాయి. పొలాలు తిరిగే సిబ్బంది దగ్గర్నుంచి నివేదికలు వచ్చాయి. అన్నిట్లోనూ ఒకే ముక్క ఉంది: పొడి వాడిన చేలు పచ్చబడ్డాయి.

డైరెక్టరు గారు ఆ కాగితాలు పట్టుకుని స్వయంగా మూడో అంతస్తుకు ఎక్కి వచ్చారు. తన ఫొటో కోసం కాకుండా ఆయన ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి.

"చూశావా, పచ్చబడ్డాయట. వెంటనే రెండో ప్రకటన రాయి."

"సార్, పచ్చబడ్డాయి అంటే పసుపు రంగుకి తిరిగాయని. ఆకులు పాలిపోయాయని సార్."

"పచ్చ అంటే పచ్చేనమ్మా. ఆకుపచ్చ అనట్లేదూ?"

"ఆకుపచ్చగా ఉండటం వేరు సార్, ఆకు పచ్చబడటం వేరు."

"ఉన్నవి అవే రెండు మాటలు. కొంచెం అటూ ఇటూ అయ్యాయి, అంతేగా," అన్నారు డైరెక్టరు, మెట్లు ఎక్కి వచ్చిన అలసటలో కూడా ఓపిగ్గా.

ఆమె రాయనంది. పంతొమ్మిదేళ్లలో ఆమె నోటి వెంట ఆ మాట రావడం అదే మొదలు గనక డైరెక్టరు గారు విననట్టే ఊరుకుని, తనే రాసి పంపించారు. 'జీవన ఎరువు వాడిన చేలన్నీ పచ్చబడ్డాయని శాఖ సంతోషంతో తెలియజేస్తోంది.' శాఖ చెప్పిందీ రైతులు కళ్లతో చూసిందీ పొల్లుపోకుండా ఒక్కటే కావడం ఆ శాఖ చరిత్రలో అంతకుముందు లేదు. రైతులు చదివి, తమ చేలు పచ్చబడితే వీళ్లకు సంతోషమేమిటని మండిపడ్డారు.

అదే రోజు తమ్ముడు ఆమె ఫోనుకు ఒక ఫొటో పంపాడు. మాటేమీ రాయలేదు. అరచేతిలో మొక్కజొన్న ఆకు, కొస నుంచి నడిమి ఈనె వెంట లోపలికి పసుపు రంగు దిగుతోంది. ఆ గుర్తు ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. 'ఇది నత్రజని లోపం వల్ల కావచ్చు' అని పదేళ్ల కిందట తనే కరపత్రం రాసింది. వెంటనే ఫోను చేసింది. తమ్ముడు ఎత్తలేదు. రోజుకు నాలుగుసార్లు చొప్పున వారం రోజులు చేసింది. ఎనిమిదో రోజు మరదలు ఎత్తి, "ఆయన చేలో ఉన్నారు వదినా," అని పెట్టేసింది.

ఆ తర్వాత రైతులు కార్యాలయం గేటు దగ్గరికి వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో పచ్చబడిన ఆకుల కట్ట ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు కిటికీలోంచి అందరికీ కనపడింది. డైరెక్టరు గారు విలేకరుల ముందు కూర్చున్నారు. ఆయన ముఖంలో ఆందోళన ఏ కోశానా లేదు, చేతిలో మొదటి ప్రకటన ఉంది.

"శాఖ యూరియా తగ్గించమని ఎప్పుడైనా చెప్పిందా? చూపించండి. తగ్గించవచ్చు అన్నాం. వచ్చు అంటే ఏమిటి? కావచ్చు, కాకపోవచ్చు. వాన పడవచ్చు అంటే పడి తీరుతుందనా? మాతృభాష అర్థం చేసుకోకుండా ఎరువులు మానేస్తే మేమేం చేస్తాం చెప్పండి."

విలేకరులు ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివారు. ఎటు తిప్పినా వాక్యంలో అబద్ధం దొరకలేదు. వార్త మూడో పేజీకి, మూడు రోజులకు పదో పేజీకి జారిపోయింది. ఈలోపు సముద్రంలో దారి తెరుచుకుని ఓడలు వచ్చాయి. యూరియా బస్తాలు దండిగా దిగాయి. అప్పటికి మొక్కజొన్న తల మీద జల్లు పూత తొడిగి, ఇక ఏం వేసినా తాగే స్థితి దాటిపోయింది.

శాఖను కాపాడినందుకు కావచ్చమ్మకు ప్రశంసాపత్రం ఇవ్వాలని డైరెక్టరు నిర్ణయించారు. కార్యాలయంలో ఏ కాగితమైనా రాసేది ఆమే గనక దాన్ని రాసే పని కూడా ఆమె మీదే పడింది. చెయ్యి తన అలవాటు చొప్పున అదే రాసుకుపోయింది: 'విపత్కాలంలో ఈమె సేవలు శాఖకు ఎంతో ఉపకరించి ఉండవచ్చు.' డైరెక్టరు గారు చదవకుండా సంతకం పెట్టి, సభలో చదివి, చప్పట్లు కొట్టించారు. ఆమె ఆ పత్రం పట్టుకుని వేదిక దిగుతుంటే సిగ్గేసింది. అంతమందిలో క్రిముల డాక్టరొక్కడే చప్పట్లు కొట్టలేదు. అందుకు ఆయన మీద ఆమెకు మొదట కోపం వచ్చింది, తర్వాత గౌరవం కలిగింది.

"మా తమ్ముడి చేను చూడ్డానికి వస్తారా?" అని అడిగింది.

"పది సాళ్లు వదిలాడా?" అన్నాడాయన.

"లేదు."

"అయినా వస్తాను."

ఆదివారం ఇద్దరూ బస్సెక్కారు. పొలం చేరేసరికి ఎండ ఎక్కింది. తమ్ముడు గట్టు మీద నిలబడి ఉన్నాడు. రా అక్కా అన్నాడు, నీళ్లు ఇచ్చాడు. మర్యాదలో ఏ లోటూ చేయలేదు, ఆమెకు అదే కష్టంగా ఉంది. అతను పోట్లాడితే బాగుండుననిపించింది. చేను మనిషెత్తు ఉండాల్సింది భుజం దగ్గరే ఆగిపోయింది. కింది ఆకులు ఎండి కాడలకు అతుక్కున్నాయి. పొత్తులు పిల్లల చేతివేళ్లంత ఉన్నాయి.

పంపుసెట్టు గది పక్కన మాత్రం కొన్ని సాళ్లు నల్లగా, నిండుగా, మనిషి కనపడనంత ఎత్తుగా ఉన్నాయి. క్రిముల డాక్టరు అటు చూసి నడవడం మానేసి దాదాపు పరిగెత్తాడు. సాళ్లు లెక్కపెట్టాడు.

"పది," అన్నాడు. "సరిగ్గా పది. ఎవరు చేశారిది?"

మరదలు పంపుసెట్టు గది నీడలోంచి ముందుకు వచ్చింది. మొగుడి వైపు ఓసారి చూసి చెప్పింది.

"నేనే. బస్తాలు పెద్దాయనకి ఇస్తుంటే అర బస్తా తీసి కోళ్ల దాణా డబ్బాలో దాచాను. ఆడపడుచు రాసింది, ఆ మాట తీసెయ్యకూడదు. అలాగని అంత నమ్మకంగా ఎవరు చెప్పినా నాకు భయం. ఆ అర బస్తా ఎంతవరకు వచ్చిందో అంతవరకు వేశాను."

"అమ్మా, దీన్నే నేను ఇరవై ఏళ్లుగా అడుగుతున్నాను," అన్నాడు డాక్టరు. ఎవరి పిచ్చి వారికానందం. ఎండిన చేను నడుమ నిలబడి ఆయన సంతోషంగా ఆకుల వెడల్పు కొలుస్తున్నాడు. కొలుస్తూ కొలుస్తూ దూరంగా ఇంకోచోట కాస్త ఆకుపచ్చగా ఉన్న జాగా చూసి అక్కడికి వెళ్లాడు. అక్కడ యూరియా ఎక్కువేమీ పడలేదు. వేరు పీకి వాసన చూశాడు. ఒకప్పుడు అక్కడ పేడ కుప్ప ఉండేదని మరదలు చెప్పింది.

"మరి ఇక్కడ పొడి పనిచేసిందా, పేడ పనిచేసిందా?" అడిగాడు తమ్ముడు.

"తెలియదండీ," అన్నాడు డాక్టరు.

తమ్ముడు ఆయన ముఖంలోకి చూశాడు. ఆయన వెటకారమాడట్లేదని గ్రహించడానికి కొంతసేపు పట్టింది.

"మిగతా చేలో ఎందుకు పనిచేయలేదో?"

"అదీ తెలియదండీ. ప్యాకెట్లో బాక్టీరియా ముందే చచ్చిపోయి ఉండాలి, లేదా ఈ నేల దానికి పడలేదు. మొదటినుంచీ తెలియదు. అదే చెప్పాను ఆఫీసులో. పది సాళ్లు వదిలి చూడమనండి, పనిచేయకపోతే ఉన్న యూరియా వేసుకుంటారు అని."

గాలికి ఎండాకులు గలగలమన్నాయి. తమ్ముడు పది సాళ్ల వైపు చూశాడు, ఐదెకరాల్లో మిగతా చేను వైపు చూశాడు. నాలుగు బస్తాలు ఏ గట్టు మీదుగా వెళ్లాయో ఆ గట్టు వైపు చూశాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు.

"ఈయనకి తెలియదని నీకు తెలుసా అక్కా?"

ఆమెకు చటుక్కున నాలుగు వాక్యాలు తోచాయి. నాలుగూ నిజమే, నాలుగూ వచ్చుతోనే ముగుస్తాయి. తెలిసి ఉండవచ్చు, గమనించి ఉండకపోవచ్చు, మరిచిపోయి ఉండవచ్చు, ప్రకటన ఇంకోలా రాసి ఉండవచ్చు. మరదలు తల దించుకుని నేల మీద గడ్డిపరక తుంచుతోంది.

"తెలుసు," అంది.

"నేను ఫోను చేసినప్పుడు?"

"అప్పుడూ తెలుసురా. పది సాళ్ల సంగతి కూడా తెలుసు. నువ్వు ఏమనుకుంటున్నావో కూడా తెలుసు. తెలిసే తగ్గించవచ్చు అన్నాను."

తమ్ముడు తిట్టలేదు, చేయి విసరలేదు. వంగి చెప్పులో ఇరుక్కున్న మట్టి దులుపుకున్నాడు. "మాకు తెలియదురా అని ఒక్క ముక్క అనుంటే చాలేదక్కా," అన్నాడు చివరికి, మెల్లగా. "పెద్దాయన్ని రెండు వారాలు ఆగమనేవాణ్ణి."

ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఎదురుగా ఎవరున్నారని చూసుకోలేదు. క్రిముల డాక్టరు చేతిలో వేరు పట్టుకుని ఎటు చూడాలో తెలియక పేడ కుప్ప జాగా వైపు నడిచాడు. మరదలు నీళ్ల చెంబు తెచ్చి వదిన చేతికి ఇచ్చింది.

పొత్తులు ఎలా ఉన్నా నీళ్లు పెట్టాల్సిన రోజు అది. తమ్ముడు పంపుసెట్టు గది వైపు నడిచాడు. ఆమె వెనకాలే వెళ్లి గుమ్మం దగ్గర ఆగింది.

"ఇకముందు నన్నేదైనా అడుగుతావురా?"

"అడగవచ్చు," అన్నాడు తమ్ముడు, మోటారు స్విచ్చి వేస్తూ.

ఆ వచ్చు ఏ వచ్చో కావచ్చమ్మకు తెలియలేదు. మోటారు చప్పుడులో మళ్లీ అడగడానికి ధైర్యం చాలక, నీళ్లు సాళ్లలోకి పారడం చూస్తూ అక్కడే నిలబడింది.